వాన గ్రూపులో దేవుడి పేరు

నాకు కోపం ఎక్కువ. ఇది దాచిపెట్టుకొనే సంగతేం కాదు, మా ఊర్లో ఎవుర్ని అడిగినా చెప్తారు. పిండి మిషను నడిపే ఆడమనిషి మెత్తగా ఉంటే జరగదు. మిషను సద్దులో మామూలుగా మాట్లాడితే ఎవురికీ వినపడదు, అరవల్ల. ఇరవై ఏండ్లు అరిచి అరిచి నా గొంతు అట్లనే అయిపోయినాది. ఇంట్లో ఉప్పు అందియమన్నా కొట్లాటకొచ్చినట్ల ఉంటాదని మా ఇంటాయన అంటాడు. ఆ గొంతుతో నేను శానా మందిని తిట్టినా. తిట్టించుకొన్నోళ్ళు నవ్వుకొంటా పిండి డబ్బా నెత్తిన పెట్టుకొని పోయినారు గాని, ఎవురికీ ఏం కాలే. తిట్టకుండా, నోరు తెరవకుండా, గమ్మున కూచోని వేలితో ఒత్తిన పని ఒకటుండాది. దాని వల్ల అయ్యిందేందో చెప్పల్లనే ఇది రాస్తాండా.

మాది బెళుగుప్ప నుంచి కణేకల్ పోయే దావలో లోపలికుండే పల్లె. కణేకల్ దిక్కు కాలువ నీళ్ళుండాయి, వాళ్ళ సంగతి వేరు. మాకు ఉండేది మొగులొక్కటే. అది గూడ ఊరంతా ఒకే మాదిరి కురవదు. తూర్పు చేన్లలో మడక దిగేంత తడి పడుతుంటాది, పడమర చేన్లలో దుమ్ము లేస్తుంటాది. ఆ మడక దిగేంత తడిని మేము పదును అంటాం. పదును రెండు మూడు దినాలకు మించి నిలబడదు. ఆ లోపల విత్తనం పడల్ల. పడకపోతే ఆ ఏడాదికి అంతే.

మా ఊర్లో సగం మంది బెంగళూరులో ఉంటారు, గోడలు కట్టేదానికో, కాపలా పనికో. పదును పడిందంటే బస్సెక్కి వచ్చి, విత్తి, మల్ల పోతారు. వాళ్ళకి బిరీన తెలియాలనే ఫోనులో గ్రూపు పెట్టింది. పెద్ద ఫోను ఊర్లో ముందరగా కొన్నోళ్ళల్లో నేనొకదాన్ని, పైగా ఇంటింటి గింజలూ నా మిషనుకే వస్తాయి, అందరి నంబర్లూ నా కాడుండాయి. అట్ల నేను దానికి పెద్ద అయిపోయినా. "మా ఊరి వాన" అని పేరు పెట్టినా. "ఈడ పదును", "ఆడ చినుకే", "వంక దాటలే", ఇవీ మాటలు. ఇంటికొకరు ఉండిరి అందులో.

సాయిబు తాత గూడ ఉండె.

మా ఊర్లో సాయిబుల ఇండ్లు ఒకప్పుడు ఏడెనిమిది ఉండె. దూది ఏకి పరుపులు కుట్టేటోళ్ళు వాళ్ళు. దుకాణాల్లో కుట్టిన పరుపులు దొరికేదాయె, ఇంగ వీళ్ళ కాడికి వచ్చేదెవురు? ఒక్కొక్క ఇల్లే పామిడికి, గుంతకల్లుకి పోయి, మిగిలింది తాత ఇల్లొక్కటి. తాత, అవ్వ. బిడ్డ పామిడిలో కుట్టుపని చేసే ఇంటికి కోడలయి పోయినాది. తాత ఊరిడిచి పోకుండా ఉండేదానికి పీర్ల చావిడి కారణం. పీర్లని చూసుకొనేది ఆయనే. పీర్ల పండగ మా తట్టు సాయిబుల పండగ ఒక్కటే కాదు, ఊరి పండగ. పీర్లని ఎత్తుకొనేది మా ఇండ్ల మొగోళ్ళే. మా ఇంటాయన వాళ్ళ తాత కాలం నుంచి ఒక పీరు ఈ ఇంటి భుజం మీదనే లేస్తాది. సక్కెర తీసుకొని పోతే తాత దాని మీద చదివి, సగం పీర్లకి పెట్టి సగం మాకిస్తాడు. ఆ సక్కెర తినకుండా మా పిల్లోళ్ళు ఎవురూ బడికి పోలే.

అవ్వ సంగతి వేరేగా చెప్పల్ల. ఊర్లో పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడిస్తే అవ్వ కాడికే ఎత్తుకొని పోయేది. మూడు సార్లు ఊది, నల్లదారం కడుతుండె. నా కొడుకు ఏడాది పిల్లోడుగా ఉన్నప్పుడు నెల దినాలు వానికి నిద్రే లేకపోయె. అవ్వ దినామూ వచ్చి ఒళ్ళో ఏసుకొని కూచునేది. వాడు తేరుకొన్నాక, "ఏమియ్యల్ల అవ్వా నీకు?" అని అడిగినా.

"ఏం వద్దు తల్లీ. మావోళ్ళంతా పోయినారు ఈన్నుంచి. నేను పోయిన దినం నన్ను మోసేదానికి మీరే కదా ఉండేది. మీ ఇంటాయన్ని భుజం పెట్టమను. నువ్వొచ్చి మొగం చూసిపో. ఒంటిగా పోవాలంటే నాకు బయం" అనింది.

నవ్వుకొంటానే అనింది గాని, ఆ మాట ఒక్క నాకే కాదు, దారం కట్టిన ప్రతి ఇంట్లోనూ అనిందని తర్వాత తెలిసింది. అవ్వ వేరే ఏం అడగలే ఎవుర్నీ. మా ఊర్లో అదేం గొప్ప కోరిక గూడ కాదు. సాయిబులింట్లో ఎవురు పోయినా ఆడోళ్ళమంతా పోయి మొగం చూస్తాం, మొగోళ్ళు భుజాలు మార్చుకొంటా ఖబరస్తాను దాకా మోస్తారు, పిడికెడు మన్నేసి వస్తారు. సరేలే అవ్వా అని మాటిచ్చినా.

తాతకి చదువు శానా రాదు. అచ్చరం అచ్చరం కూడబలుక్కొంటాడు. అందుకని గ్రూపులో రాయడు, మాట రికార్డు చేసి పెడతాడు. గ్రూపు పెట్టిన కాన్నుంచి, పొద్దు మునిగి నమాజు అయినాక, దినామూ ఒక్క మాట. ముందర బిస్మిల్లా అని వాళ్ళ దేవుడి పేరు తలుచుకొని, తర్వాతంతా మన తెలుగులోనే. "దేవుడా, ఈ ఊరి శెనక్కాయ చేన్లు చూడు. నోరులేని గొడ్లని చూడు. తప్పేదన్నా ఉంటే ముసలోళ్ళం మా మీద ఏసుకో, పిల్లోళ్ళ మీద ఏయద్దు. రొంత పదునియ్యి." ఆఖర్న ఎప్పుడూ ఒకటే అనేటోడు: "ఇది నా మొక్కు. మీ దేవుణ్ణి మీరు అడగండప్పా. ఎవరి మాట విన్నా కురిసేది మన చేన్లలోనే."

అంతే. ఒక నిమిషం గూడ ఉండదు. బెంగళూరులో ఉండే మా మరిది, పని దిగినాక ఆ మాట వింటేనే అన్నం తింటానని చెప్తుండె. దాని మీద ఎవురికీ ఏ పేచీ లేకపోయె.

పేచీ వేరే తావున పుట్టింది. రెండేండ్ల కిందట, ఏరువాక దినాల్లో. భజన గుడి కాడ తాళాలు పట్టే పెద్దాయన ఒకడుండాడు మాకు, ఆయన్ని భజనాయన అనే అంటాం. ఆయన ఫోను నేర్చుకొన్న కాన్నుంచి పొద్దన్నే ఇరవై బొమ్మలు పెడతాడు, మాపట్యాల ఇరవై. ఈ బొమ్మ పదిమందికి పంపకపోతే కీడు జరుగుతాదని కింద రాసి ఉంటాది. కాలనీలో చర్చికి పోయే అక్క ఒకామె, నేనేం తక్కువా అని వాక్యాలు పెట్టె. ఆయన ముప్పై పెడితే ఆమె నలభై. ఒక దినం తూర్పు చేన్లలో పదును పడింది. ఆ మాట ఎవురో పెట్టినారు గాని బొమ్మల కింద పడి యాడికో పోయె. బెంగళూరులో ఉన్నోడు ఒకడు చూసుకోలే. వాడు మూడో దినం వచ్చి చూస్తే పదును ఆరిపోయినాది. చేను అట్లనే బీడు పడిపోయె ఆ ఏడాది.

వాడు గ్రూపులో ఏడ్చినాడు. ఏడిస్తే భజనాయన, అక్కా ఒకరి మీద ఒకరు పడిరి. నీ వల్లంటే నీ వల్లని. ఆ మాట ఈ మాట పెరిగి దేవుళ్ళ దాకా పోయె. ఏ దేవుడు నిజం, ఏ దేవుడు దొంగ అని రాసుకొనిరి, ఒకే కొళాయి కాడ నీళ్ళు పట్టుకొనే మనుషులు. నాకు ఒళ్ళు మండిపోయె. మిషను ఆపి, పిండి చేతులతోనే రాసినా:

"రేపట్నుంచి ఈ గ్రూపులో దేవుడి పేరు ఎవురూ ఎత్తకూడదు. ఏ దేవుడైనా సరే. ఎత్తితే తుడిచేస్తా. ఇది వాన గ్రూపు."

అందరూ బొటనవేలి బొమ్మలు పెట్టిరి. శబాష్ అనిరి. ఊర్లో మొగోళ్ళు చేయలేని పని ఆడమనిషి చేసిందని మా ఇంటాయన గూడ మెచ్చుకొన్నాడు. నేను గూడ మెచ్చుకొన్నా నన్ను. ఎవురి మీదా పచ్చపాతం లేని రూలు కదా, అందరికీ ఒకటే కదా అని.

తర్వాతి మాపట్యాల పొద్దు మునిగినాక తాత మాట వచ్చె. ఆయన నేను రాసింది చదవలే. బిస్మిల్లా అనే మొదలయింది. భజనాయన ఒక్క నిమిషం గూడ ఆగలే. "ఏమమ్మా, రూలు మాకేనా?" అని పెట్టినాడు.

ఊరంతా చూస్తాండారు. నాకు తెలుసు చూస్తాండారని. వేలితో ఒత్తి పట్టినా, అందరికీ తుడిచెయ్యల్లనా అని అడిగె ఫోను. తుడిచేసినా. తుడిచినట్ల ఒక గీత మాత్రం మిగిలె ఆడ.

ఇప్పుడు నిజం చెప్పుకొంటా. అదే మాపట్యాల, తాత మాటకి ముందర, భజనాయన ఒక బొమ్మ పెట్టిండె. రాములోరి బొమ్మ. నేను చూసినా. దాన్ని తుడిస్తే తెల్లారి మిషను కాడికొచ్చి నానా యాగీ చేస్తాడని చూడనట్ల ఉన్నా. తాత యాగీ చేయడు. తాత ఎవురితోనూ గొంతెత్తి మాట్లాడింది నేను చూడలే. రూలంటే రూలేనని ఊరికి చూపించేదానికి నాకు మెత్తని మనిషి దొరికినాడు, అంతే. అంత కోపిష్టిదాన్ని, ఆ పూట నా కోపం యాడికి పోయినాదో.

తెల్లారి తాత జొన్నలెత్తుకొని మిషను కాడికి వచ్చినాడు. "తల్లీ, నిన్న నేను పెట్టిన మాట యాడా కనపడలే. ఫోను చెడిందేమో చూడమ్మా" అని చేతికిచ్చినాడు.

చెప్పినా. బెల్టు తిరుగుతానే ఉండె, అరిచి చెప్పల్సి వచ్చె. "ఫోను చెడలే తాతా, నేనే తుడిచినా. గ్రూపులో దేవుడి మాట వద్దని రూలు పెట్టినాం."

ఆయన ఫోను మల్ల చేతిలోకి తీసుకొన్నాడు. "బిస్మిల్లా ఒక్కటి గూడ వద్దా?"

"ఒక్కటి వద్దంటే అందరిదీ వద్దు తాతా."

"సరే తల్లీ. తెలీక పెట్టినా. తప్పయింది నాది" అన్నాడు. నా మీద కోపమేం కనపడలే మొగంలో. పిండి ఎత్తుకొని పోయినాడు. హమ్మయ్య, గొడవ లేకుండా అయిపోయినాదనుకొన్నా.

ఆ రూలు వారం దినాలు గూడ నిలబడలే. భజనాయన మెల్లగా మొదలుపెట్టె, శనివారం కదమ్మా అని. అక్క ఆదివారం కదా అనె. శుభోదయం అని పెట్టే ప్రతి బొమ్మలోనూ ఎవురో ఒక దేవుడు ఉండనే ఉంటాడు. చూసేకొద్దీ నాకు విసుగొచ్చె. మిషను పనుండాది, ఇంటి పనుండాది, దినమంతా తుడుస్తా కూచుంటానా? వదిలేసినా. రూలు మాత్రం పైన అట్లనే అతికించి ఉండె.

నిలబెట్టుకొన్నోడు తాతొక్కడే. ఆ దినం పోయినాక మల్ల ఆయన గొంతు గ్రూపులో వినపడలే. మా మరిది ఫోన్ చేసి, "వదినా, తాతకి ఒంట్లో బాగలేదా?" అని అడిగె. బాగుండాడు లేప్పా అన్నా. ఆ ఏడాది పంట అరకొరగా పోయినాది. పోయినేడు ఏరువాక వచ్చె, మొగులు వస్తాది, నిలబడతాది, పోతాది. గాలి ఒకటే. మాపట్యాలయితే ఊరు ఏందో బిగదీసుకొన్నట్ల ఉండె. వానల్లేకపోతే మామూలుగా జనాలు ఒకరినొకరు తిట్టుకొంటారు, తమాషాలాడుకొంటారు. పోయినేడు అది గూడ లేకపోయె.

అప్పుడే ఒక దినం గ్రూపులో ఒక వీడియో వచ్చింది. మన తట్టుది కాదు, యాడిదో తెలీదు, ఎవురో పంపింది మనోడు ఒకడు ఇట్ల తోసినాడు. సాయిబుల్ని నమ్మకూడదు, వాళ్ళ కాడ ఏం కొనకూడదు అని ఒకడు అరుస్తాంటాడు అందులో. నేను దాన్ని పొద్దన్నే చూసినా. మిషను కాడ జనం నిలబడుండారు, మాపట్యాల తుడుస్తాంలే అనుకొన్నా. పొద్దు మునిగేదాకా అది ఆడనే ఉండె. ఎవురూ బాగుందనలే, బాగలేదని గూడ అనలే. ఎవురెవురు చూసినారో ఫోనులో కనపడతాది కదా. చూసినోళ్ళల్లో తాత పేరుండె.

తిరిగి ఏమన్నా అనల్లంటే ఆయన ఏమనల్ల? నా రూలుండాది కదా అడ్డం.

ఆ తర్వాత అవ్వ మిషను కాడికి రావడం మానుకొనె. కాళ్ళు వాచినాయి, సక్కెర జబ్బు ముదిరిందంట. కొళాయి కాడ ఒకసారి కనపడితే, "ఏమవ్వా, ఈ నడుమ కనపడవే?" అన్నా. కొంగు తలమీదికి లాక్కొని, "ఉండా తల్లీ, ఈడనే ఉండా" అనింది. బిందె సగమే నిండింది, అట్లనే ఎత్తుకొని పోయినాది.

పీర్ల పండగ వచ్చె. పండగకి ముందర గుండం తవ్వేదానికి గుద్దలి వేసే దినం ఉంటాది. ఆ దినం గ్రూపు లేని కాలంలో తప్పెట కొట్టి చెప్తుండిరి, గ్రూపు వచ్చినాక తాతే మాట పెడుతుండె. పోయినేడు మాట రాలే. తాత మిట్టమధ్యాన్నం ఎండలో ఇంటింటికీ తిరిగి చెప్పినాడు, గుద్దలి ఫలానా దినమప్పా, రాండి అని. డెబ్బై దాటిన మనిషి. మా ఇంటికి గూడ వచ్చినాడు. నీళ్ళిచ్చినా, తాగి పోయినాడు. "గ్రూపులో ఒక్క మాట పెడితే పోయేది కదా, ఏల తిరుగుతాడు ఈ ఎండలో?" అన్నాడు మా ఇంటాయన.

నాకు అప్పుడు తట్టలే అని రాస్తే అబద్ధం. తట్టింది. తాత ఇంకా నా రూలు పట్టుకొనే ఉండాడని తెలిసింది. పండగైనాక ఒకసారి నిదానంగా కూచోని చెప్దాంలే, తాతా నీ మాట పెట్టుకో అని, అనుకొన్నా. అనుకొని వదిలేసినా.

బెంగళూరు వాళ్ళకి దినం తెలీలే, సగం మంది రాలే. పీర్లు లేచే పూట భుజాలు చాల్లేదు. ఒక పీరు చావిడిలోనే గోడకి ఆనుకొని ఉండిపోయె. నాకు తెలిసి మా ఊర్లో పీరు లేవకుండా ఉండింది అదే. ముసలోళ్ళు ఒకరి మొగాలు ఒకరు చూసుకొనిరి. ఇది మంచిది కాదు అని ఒకాయన అన్నాడు. తాత ఆ పీరు కాడనే కూచున్నాడు అందరూ పోయేదాకా.

పండగైన కొన్ని దినాలకి తాత ఇంటికి తాళం పడె. అవ్వని పామిడికి బిడ్డింటికి తీసుకుపోయినాడులే అనుకొన్నాం. నిజానికి తీసుకుపోయింది అనంతపురం పెద్దాస్పత్రికి. గ్రూపులో చెప్పలే కదా, ఎవురికి తెలుస్తాది? పిల్లోళ్ళకి జొరమొచ్చినా గ్రూపులో పెట్టి దేవుడి దయ అనేటోళ్ళం మేము.

అప్పుడు వాన పడింది. తెల్లారేసరికి నేల జానెడు లోతు తడిసి ఉండె. పదునంటే పదును! ఏడాదిన్నరగా చూడలే అట్లాంటిది. ఊరు తిరునాళ్ళ మాదిరి అయిపోయె. గ్రూపు నిండిపోయినాది, ఈడ పదును, ఆడ పదును, వంక పారుతాండాది, బిరీన బస్సెక్కండి అని. మధ్యలో బొమ్మలు మొదలుపెట్టబోయిరి ఎవురో. నేను అరిచినట్లే రాసినా: "ఈ పొద్దు వాన మాట తప్ప వేరే మాట పెట్టినారంటే ఒక్కొక్కర్ని పీకేస్తా." మిషనుకి తాళమేసి, విత్తనం మూట నెత్తిన పెట్టుకొని నేను గూడ చేనికి పోయినా. ముసలీ ముతకా అందరూ చేన్లలోనే. ఊర్లో ఒక్క తలుపు తెరిచి ఉండలే.

మధ్యాన్నం గొర్రు వెనకాల విత్తనం వదులుతా వస్తాంటే రోడ్డు మీద అంబులెన్సు ఒకటి కనపడె. కూత లేదు, మెల్లగా పోతాండాది ఊర్లోకి. "ఎవురికో బాగలేనట్లుండాది" అనె మా ఇంటాయన. విత్తనం ఆపితే సాలు తప్పుతాది. వంగి పని చేసుకొన్నాం. ఇంగ రొంతసేపటికి మిట్ట మీద ఖబరస్తాను కాడ నలుగురో ఐదుగురో మనుషులు తవ్వుతా కనపడిరి. అంత దూరం నుంచి మొగాలు తెలీలే. ఎవురో బోరు పైపు పూడుస్తాండారు, పదును మీద మన్ను మెత్తగా ఉంటాది కదా అనుకొన్నాం. నేనే అనింది ఆ మాట. అని మల్ల విత్తనంలో చెయ్యి పెట్టినా.

విత్తడం అయ్యి, మూడో దినం మిషను తెరిచినా. ముందరొచ్చిన ఆమె చెప్పింది, తాత ఇంటి ముందర నీడకి పట్ట కట్టిండారు, పామిడి వాళ్ళు వచ్చిండారు, ఎందుకో ఏమో అని. ఆ అంబులెన్సు, మిట్ట మీద తవ్విన మనుషులు అప్పుడు గుర్తొచ్చి, నేను బెల్టు తీయకుండానే పరుగెత్తినా. చేతులకి పిండి అట్లనే ఉండె.

తాత అరుగు మీద కూచోనుండాడు. బిడ్డ లోపల ఉండె. నన్ను చూసి లేవబోయినాడు. నా నోరు ఆగలే. "ఏం తాతా, మేమంతా సచ్చినామా? అవ్వ పోతే చెప్పవా? ఒక్క మాట చెప్పవా?" అని అరిచినా. వీధిలోకి వినపడేటట్ల అరిచినా.

"తాళాలు తల్లీ" అన్నాడు. "అన్నిండ్లకీ తాళాలే. బండి ఆడ నిలబెట్టి ఈ కొన నుంచి ఆ కొన దాకా పోయొచ్చినా. మీ అవ్వని శానాసేపు ఉంచేదానికి లేకపోయె."

"ఫోనుండాది కదా నీ కాడ!"

"ఉండాది. పట్టుకొన్నా. రెండు తూర్లు ఒత్తి పట్టుకొన్నా." బొటనవేలు ఒత్తి చూపించినాడు. "సావు మాట చెప్పల్లంటే మా నోట ముందరొచ్చేది ఆయన పేరే తల్లీ. ఆయన కాడ్నుంచి వచ్చినోళ్ళం, ఆయన కాడికే పోతాండాం అని చెప్పి, అప్పుడు పోయినోళ్ళ మాట చెప్తాం. రెండు తూర్లూ అదే వచ్చె నోట్లో. అది లేకుండా ఎట్ల చెప్పేది? కోడి సచ్చింది అన్నట్ల చెప్పల్లనా? నీ మాట దాటకూడదు, ఆయన పేరు ఇడవకూడదు. ఫోను జేబులో పెట్టేసినా."

"ఎవురు మోసినారు తాతా?"

"అల్లుడు. వాళ్ళ అన్నదమ్ములు ఇద్దరు. నాలుగో భుజం ఆ బండి తోలినాయన. ఎవురో పాపం, కొత్తమనిషి, మీవోడే, నొసట బొట్టుండె. చెప్పులిడిచి వచ్చి పట్టినాడు. మొగం చూసేదానికి ఆడోళ్ళు ఎవురన్నా వస్తారేమోనని రొంతసేపు తలుపు తీసి పెట్టినా. బిడ్డ ఒక్కతే కూచోనుండె."

నాకు ఏడుపు రాలే, కోపమే వచ్చె. ఎవురి మీదనో తెలీకుండా వచ్చె. "నువ్వొక్కడివే ఏల పట్టుకొని ఏలాడినావు తాతా ఆ రూలుని? అందరూ పెడతానే ఉండారు! భజనాయన పెడతాడు, అక్క పెడతాది, దేవుడి పేరెత్తనోడు లేడు ఆ గ్రూపులో! నువ్వు చూడలేదా?"

"చూసినా" అన్నాడు.

"మల్ల?"

"వాళ్ళవి నువ్వు తుడిచినావా తల్లీ?"

నేను చేతుల పిండి కొంగుకి తుడుచుకొన్నా.

"నాది తుడిచినావు" అన్నాడు. కోపంతో అనలే. ఫోను చెడిందేమో చూడమ్మా అని అడిగిన దినం ఎట్ల మాట్లాడినాడో అట్లనే అన్నాడు. కోప్పడినా బాగుండు, కొట్టినా బాగుండు అనిపించె నాకు. అంత సిగ్గు నా బతుకులో ఎప్పుడూ పడలే.

అరుగు మీద ఆయన పక్కనే కూచున్నా. గ్రూపు తెరిచి, ఆ మాట చెప్పు తాతా, నీ నోట ఎట్ల వస్తాదో అట్లనే చెప్పు, నేను రాస్తా అన్నా. వద్దులే తల్లీ అన్నాడు. బతిమాలినా. నేను ఎవుర్నీ బతిమాలే మనిషిని కాదు. ఆయన ఒక్కొక్క ముక్కా నిదానంగా చెప్పె, నేను తప్పు రాస్తే మల్ల చెప్పె. ఆయన దేవుడి పేరు నా చేత్తో రాయడం అదే మొదలు. దాని కింద అవ్వ పోయిన దినం రాసినా. మోసినోళ్ళు నలుగురని రాసినా. గ్రూపులో చెప్పకుండా ఉండిందానికి నేనే కారణమని గూడ రాసినా. పైన అతికించిన రూలు పీకేసినా.

పొద్దు దిగకముందే ఊరంతా వచ్చింది. చేన్లలోంచి అట్లనే వచ్చిరి, కాళ్ళకి బురద ఆరకుండా. భజనాయన వచ్చె, చర్చి అక్క వచ్చె, ఆ వీడియో తోసినోడు గూడ వచ్చె. అవ్వ కాడ దారం కట్టించుకొన్న పిల్లోళ్ళు, ఇప్పుడు మీసాలొచ్చినోళ్ళు, వచ్చిరి. మొగోళ్ళు తుండుగుడ్డలు నడుముకి బిగించుకొని, మోసేదానికి పోయినప్పుడు నిలబడినట్లే వాకిట్లో నిలబడిరి. ఆడోళ్ళు అలవాటు కొద్దీ మొగం చూసేదానికి లోపలికి పోయిరి. పోయి, గడప దాటినాక గుర్తొచ్చి ఆగిపోయిరి. లోపల మంచం ఎత్తి గోడకి నిలబెట్టి ఉండాది. వెనకొచ్చేటోళ్ళకి తెలీక ముందరున్నోళ్ళని తోస్తాండారు, జరగండమ్మా, మమ్మల్ని గూడ చూడనీండి అని.